మామగారి సవతి

మగవాడికి సవతి ఉండటం మీరెక్కడైనా విన్నారా? ఆ ఇంట్లో మామగారికి ఉంది. ముందు గదిలో, ఆయన పని చేసుకునే బల్లకు ఎదురుగా, గోడకు ఆనుకుని నల్లగా నిగనిగలాడుతూ దర్జాగా నిలబడి ఉంటుంది. యాభై ఏళ్లు దాటిన మోటారు సైకిలు. దాని సొంతదారు అత్తగారు. పెళ్లికి ముందు నుంచీ ఆవిడ దాని వెనక మందుల పెట్టెలు కట్టుకుని ఊరూరి ఆసుపత్రులకు చేరవేసేవారు. ఇరవై రెండేళ్లు అదే ఉద్యోగం. ఆ ఇరవై రెండేళ్లలో మామగారు దాని మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎవరైనా అడిగితే, "అది నా సవతి. సవతి ఒళ్లో కూర్చుంటానా?" అనేవారు. అసలు సంగతి అందరికీ తెలుసు. ఆయనకు భయం. బండి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేవారు. మళ్లీ దాని శబ్దం వినబడేదాకా ఆయన చేతిలో సూది ముందుకు కదిలేది కాదు.

ఆవిడ ఉద్యోగం అయిపోయాక బండి మూలపడింది. ఇంజను బిగుసుకుపోయి పాతికేళ్లు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ ఇంటికి కోడలొచ్చింది. కోడలి పని కుట్టుమిషన్లు బాగుచేయడం. అబ్బాయి దూరప్రయాణాల బస్సు నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అందుకని ఇంట్లో ఎప్పుడు చూసినా ఈ ముగ్గురే. కాపురానికొచ్చిన వారం రోజులకే కోడలు ఆ బండి మీది దుప్పటి తీసి, "అత్తయ్యా, దీన్ని విప్పనా?" అని అడిగింది. నగలు అడిగే కోడలుంటుంది, వేరు కాపురం అడిగే కోడలుంటుంది. ఇంజను అడిగిన కోడల్ని చూసి అత్తగారు ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యారు.

అప్పటికి తొందరేమీ లేదు. నాలుగేళ్లు తీరిగ్గా ఒక్కో ముక్కా వెతికి తెచ్చుకున్నారు. తొందర ఈ మధ్యే వచ్చిపడింది. అత్తగారి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఎముక ఎముకను ఒరుసుకుంటోందని, మంగళవారం ఆపరేషన్ చేస్తానని డాక్టరు చెప్పాడు. "తర్వాత చక్కగా నడుస్తారు, మెట్లెక్కుతారు. ఆ మోటారు సైకిలు మాత్రం ఈ జన్మకి ఎక్కరు" అని కూడా చెప్పాడు.

"నాకూ బేరింగులే పోయాయన్నమాట" అన్నారు అత్తగారు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, ఇంకో మాట అన్నారు. "మంగళవారం లోపల ఒక్కసారి దాని మీద కొండెక్కాలి. కిక్కు ఎవరైనా కొట్టండి. నడిపేది మాత్రం నేనే. ఆ ఒక్కటీ చేయించావంటే, అమ్మాయ్, ఆపరేషన్ బల్ల మీద కూడా నవ్వుతూ పడుకుంటాను."

ఆదివారం ఉదయం అని నిర్ణయించారు. ఇదంతా జరిగేనాటికి గురువారం. ఆ గురువారమే ఇంజను చచ్చిపోయింది. అదీ రెండోసారి.

మొదటిసారి నెల కిందట. ఇంజను మొత్తం కొత్తగా బిగించి కోడలు చదును రోడ్డు మీద నడిపి చూసింది. నలభై కిలోమీటర్లు బంగారంలా నడిచి, ఆ తర్వాత టక్, టక్, టక్ అని లోపల ఎవరో తలుపు కొట్టడం మొదలైంది. విప్పి చూస్తే రాడ్డు కింది బేరింగు మాడిపోయింది. తన చేతిపనిలోనే ఏదో లోపం జరిగిందనుకుని, తనను తానే తిట్టుకుని, మళ్లీ మొదట్నుంచి బిగించింది. గురువారం ముప్పై ఎనిమిది కిలోమీటర్లకు మళ్లీ అదే టక్ టక్. రోడ్డు పక్కన బండి ఆపి కోడలు కాసేపు దాన్ని కళ్లార్పకుండా చూసింది. కుట్టుమిషనైతే మొట్టికాయ వేసేది.

శుక్రవారం పొద్దున్నే చచ్చిన బేరింగును జేబురుమాలులో మూటగట్టుకుని, అది ఎక్కే ఇరుసు, అదే క్రాంకు, సంచీలో వేసుకుని లేతు మేస్త్రి దగ్గరికి పరిగెత్తింది. ఆ ఊళ్లో ఇనుము భాష తెలిసినవాడు ఆయనొక్కడే. నోటి భాష మాత్రం పొదుపుగా వాడతాడు. బేరింగును వెలుతురుకు తిప్పి, గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"గీతలున్నాయా? లేవు. మట్టి పోయుంటే గీతలు పడేవి. ఒక పక్కే అరిగిందా? లేదు. వంకరగా బిగించుంటే ఒక పక్కే తినేసేది. నీ బిగింపులో వంక లేదమ్మా."

కోడలికి సగం ప్రాణం లేచొచ్చింది. "మరి ఎందుకు పోయింది బాబాయ్?"

"రంగు చూడు. నీలం. దాహంతో చచ్చింది. చుక్క ఆయిలు అందలేదు దీనికి."

"అదెలా బాబాయ్! ఇంజను నడుస్తుండగా ఆయిలు ట్యాంకు మూత తీసి చూశాను. తిరిగొచ్చే గొట్టంలోంచి ఆయిలు ధారగా పడుతోంది. నా కళ్లతో చూశాను."

మేస్త్రి నవ్వాడు. ఆయన నవ్వడం ఆ వీధిలో చాలామంది చూసి ఉండరు. "నువ్వు చెప్పేదీ నిజమే, ఈ బేరింగు చెప్పేదీ నిజమే. మీ ఇద్దరి మధ్యలో ఎవడో దొంగ ఉన్నాడు." అలమారలోంచి నూనె కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదే ఆఖరి సెట్టు. ఇంకోటి కావాలంటే వెతకడానికే ఏడాది పడుతుంది. రెండు గంటల్లో క్రాంకులో ఎక్కించి పంపిస్తాను. కానీ దొంగ దొరక్కుండా ఇంజను మూశావో, మీ అత్తగారు సగం కొండెక్కేసరికి దీని పనీ అయిపోతుంది."

ఇంటికొచ్చి ముందు గదిలో తెల్ల దుప్పటి పరిచి, ఆయిలు వెళ్లే దారిలోని సామానంతా వరసగా పేర్చింది కోడలు. అత్తగారు కాళ్లు రెండూ స్టూలు మీద చాపుకుని, మోకాళ్ల మీద వేడినీళ్ల సంచీ పెట్టుకుని, జడ్జీలా కూర్చున్నారు. ఎదురు బల్ల దగ్గర మామగారు ఎవరిదో కోటుకు పడిన చిరుగును కనబడకుండా అల్లుతున్నారు. రఫూ పనిలో ఆయన్ను మించినవాడు లేడు. ఆయన బాగుచేసిన చోటు ఎక్కడుందో బట్ట సొంతదారుకు కూడా దొరకదు.

"మొదటి ముద్దాయిని పిలువు" అన్నారు అత్తగారు.

మొదటి ముద్దాయి పంపు. గిన్నెలో ఆయిలు పోసి చేత్తో తిప్పితే చక్కగా తోడింది. నిర్దోషి. రెండో ముద్దాయి క్రాంకులోని సన్న దారి. మేస్త్రి కొత్త బేరింగు ఎక్కించి పంపిన క్రాంకుకు ఇంజెక్షన్ సిరంజితో ఆయిలు ఎక్కిస్తే బేరింగు దగ్గర బొట్టు బొట్టుగా బయటికొచ్చింది. నిర్దోషి. మూడోది చిన్న గోళీ, దాని వెనక స్ప్రింగు. దారిలో ఎక్కడైనా ఆయిలు ఎక్కువై ఒత్తిడి పెరిగితే ఆ గోళీ వెనక్కి జరిగి దాన్ని కింది అరలోకి వదిలేస్తుంది, అక్కణ్నుంచి అది తిరిగి ట్యాంకులోకి పోతుంది. అదీ తన పని తాను చేస్తోంది. పక్క మూతలోని దారి ఊదితే అవతలికి గాలి కొట్టింది, అత్తగారి ముంగురులు ఎగిరాయి.

"అందరూ పెద్దమనుషులే! మరి దొంగెవడు?" కోడలు తల పట్టుకుంది. "రేపొక్క రోజే ఉంది అత్తయ్యా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడుద్దువుగాని, ఆదివారం తర్వాత తీరిగ్గా ఇద్దరం ఏడుద్దాం" అన్నారు అత్తగారు. "కుళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేస్తావు? గొట్టాలన్నీ బాగున్నాయనుకో. అప్పుడేం చూస్తావు?"

"గొట్టానికీ గొట్టానికీ మధ్య అతుకు చూస్తాను."

"ఇక్కడ అతుకులో ఏముంది?"

"కాగితం. పక్క మూతకీ ఇంజనుకీ మధ్య ప్యాకింగు. దాంట్లో చిన్న చిల్లుంటుంది, ఆయిలు అందులోంచే క్రాంకులోకి పోవాలి. ఆ చిల్లు నేనే పెట్టాను అత్తయ్యా. రెండుసార్లూ నా చేత్తోనే పెట్టాను."

"నువ్వు పెట్టావు సరే. అది ఉందా?"

కోడలు చెత్త డబ్బా బోర్లించింది. గురువారం ఊడదీసిన ప్యాకింగు ఆయిలు పీల్చుకుని మెత్తగా, పల్చగా దొరికింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మధ్యాహ్నపు ఎండకు ఎత్తి పట్టుకుంది. చుట్టూ బోల్టుల చిల్లులు వరసగా వెలుగుతున్నాయి. మధ్యలో ఉండాల్సిన చిన్న చిల్లు లేదు.

కోడలికి మతిపోయినంత పనైంది. చిల్లులు పెట్టే పంచ్ ఆనించి సుత్తితో కొట్టినట్టు గుర్తుంది. తెగిపడిన చిన్న బిళ్లను నోటితో ఊదినట్టు కూడా గుర్తుంది. కాగితాన్ని ఇంకా దగ్గరగా పట్టుకుని చూసింది. కాగితమంతా ఆయిలు తాగి అద్దంలా మెరుస్తుంటే, చిల్లు ఉండాల్సిన చోట మాత్రం చిన్న గుండ్రటి మచ్చ. అక్కడ ఆయిలు సరిగా ఇంకలేదు. గోటితో గీరింది. మచ్చ అంచు లేచింది. రెండు వైపులా పల్చటి కాగితపు పొరలు, వాటి అంచులు పోగు పోగుగా విడదీసి, చుట్టూ ఉన్న కాగితంలో కలిసిపోయేట్టు, జిగురుతో అల్లుకుపోయేట్టు అతికించినవి. చేత్తో తడిమితే తెలియదు. కంటితో చూస్తే తెలియదు. అలాంటి పని చేయగలిగిన చేతులు ఆ ఊళ్లో రెండే రెండున్నాయి.

"మామయ్యా!"

ఆ కేకకు మామగారి సూది వేలికి గుచ్చుకుంది. కోడలు కాగితం తీసుకెళ్లి ఆయన ముక్కు కింద పెట్టింది. "ఈ పని ఎవరిది?"

మామగారు కళ్లజోడు సవరించుకున్నారు. చూశారు. ముఖం చిన్నబోయింది. "ఎలా కనిపెట్టావు?" అన్నారు బాధగా. "ఇన్నేళ్లలో నా రఫూ ఎవ్వరూ పట్టుకోలేదు. ఆయిల్లో నానబెడితే బయటపడుతుందని నాకు మాత్రం ఏం తెలుసు?"

"మామయ్యా! మీరు మూసింది ఆయిలు దారి!"

"దారా? చిల్లు కదమ్మా?"

అప్పుడంతా బయటికొచ్చింది. కొత్త ప్యాకింగు కాగితం చుట్ట చుట్టుకుపోతుంటే, రెండుసార్లూ కోడలే దాన్ని తెచ్చి మామగారికిచ్చింది, ఆయన పెద్ద ఇస్త్రీపెట్టె కింద ఓ పూట పెట్టి చదును చేయమని. ఆయన ఇస్త్రీపెట్టె కిందికి ఏదైనా వెళ్లే ముందు ఎత్తి చూసుకోకుండా ఎలా ఉంటారు? అంచున వరసగా ఉన్న చిల్లులు చూసి, ఇవి గుండీల కాజాల్లాంటివి, ఉండాల్సినవే అనుకున్నారు. మధ్యలో దిక్కూ మొక్కూ లేకుండా ఒంటరిగా కనబడిన చిన్న చిల్లును చూసి, పాపం అమ్మాయి చెయ్యి జారి పొడుచుకుందనుకున్నారు. అంత కష్టపడుతోంది కదా, చెప్పి చిన్నబుచ్చడమెందుకని గుట్టుచప్పుడు కాకుండా మూసేశారు. రెండోసారి మళ్లీ అదే చోట చిల్లు కనబడితే, ఈ పిల్లకు చెయ్యి జారడం అలవాటయిపోయిందని జాలిపడ్డారట కూడా.

"అందుకేనన్నమాట!" కోడలు గదిలో చిందులు తొక్కింది. "దారి మూసుకుపోయింది, ఒత్తిడి పెరిగింది, గోళీ తెరుచుకుంది, ఆయిలంతా కింద పడి అక్కణ్నుంచే ట్యాంకులోకి తిరిగిపోయింది! నేను చూసిన ధార అదే! బేరింగుకి బొట్టు కూడా వెళ్లలేదు! మేస్త్రి చెప్పిన దొంగ మీరే మామయ్యా!"

అత్తగారు మాత్రం నవ్వలేదు. వేడినీళ్ల సంచీ పక్కన పెట్టి, ఆయన్ను సూటిగా చూశారు. "కావాలనే చేశారా?"

కోడలి గంతులు ఆగిపోయాయి.

"నేను దాన్నెక్కడం మీకిష్టం లేదు. ఇరవై రెండేళ్లూ ఇష్టం లేదు. అది నాకు తెలుసు."

మామగారు కోటు బల్ల మీద పెట్టేశారు. "ఇష్టం లేకపోవడం కాదు" అన్నారు మెల్లగా. "నువ్వు వెళ్లిన ప్రతిసారీ, తిరిగి రావేమోనని భయం. ఆ మాట ఏనాడూ నీతో చెప్పలేకపోయాను, సవతి అని వేళాకోళం చేసి తప్పించుకున్నాను. కానీ ఇది భయంతో చేసింది కాదు. నీ మీద ఒట్టు. చిల్లు కనబడితే నా చెయ్యి ఊరుకోదు, అంతే. నీకింత నష్టం చేశానని తెలిసుంటే ఆ సూది అక్కడే విరిచేసేవాణ్ని."

అత్తగారి పెదవి చివర వణికింది. ఏడుస్తారేమోనని కోడలు భయపడింది. కానీ లోపల్నుంచి తన్నుకొచ్చింది నవ్వు. "బేరింగుని దాహంతో చంపేసి, పైగా దానికి రఫూ చేశారు మహానుభావా!" అని కుర్చీలో ఊగి ఊగి నవ్వారు. మోకాళ్లు నొప్పెట్టి "అమ్మో అమ్మో" అంటూనే నవ్వారు. మామగారికి ముందు అర్థం కాలేదు, తర్వాత ఆయనకూ అంటుకుంది. ముగ్గురూ పడీ పడీ నవ్వేసరికి దుప్పటి మీద పరిచిన సామానులో ఒక స్క్రూ ఎటో దొర్లిపోయింది. దాన్ని వెతకడానికి అరగంట పట్టింది.

శనివారం కోడలు కొత్త ప్యాకింగు కత్తిరిస్తుంటే మామగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "ఆ చిల్లు నేను పెడతాను."

పంచ్, సుత్తి ఆయన చేతికిచ్చింది. బతుకంతా చిల్లులు మూసిన మనిషి. సుత్తి ఎత్తి కళ్లు గట్టిగా మూసుకున్నారు. "కళ్లు తెరవండి మామయ్యా, అది నా వేలు" అంది కోడలు. రెండోసారి కళ్లు తెరిచి ఠక్కున కొట్టారు. కాగితం ఎత్తి చూస్తే చిల్లు పువ్వులా గుండ్రంగా వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంకెక్కడైనా కావాలా?" అని ఉత్సాహంగా సుత్తి ఎత్తేసరికి కోడలు కాగితం లాక్కుని పారిపోయింది.

ఈసారి తొందరపడి ఇంజను మూయలేదు. పై సిలిండరు పెట్టకుండానే పంపును చేత్తో తిప్పి, లోపలికి టార్చి వేసి చూసింది. రాడ్డు కింది బేరింగు నుంచి ఆయిలు బొట్టు జారింది. ఇంకో బొట్టు. ఇంకొకటి. ఈ చిన్న పరీక్ష మొదటే చేసుంటే రెండు బేరింగులు బతికేవని తనను తాను తిట్టుకుంది, కానీ తిట్టుకుంటూనే ఈల వేసింది. సాయంత్రం బండిని చదును రోడ్డెక్కించింది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు దాటాయి. నలభై దాటాయి. నలభై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర ఎవరూ లేరని చూసుకుని గట్టిగా అరిచింది. యాభై ఐదు దగ్గర వెనక్కి తిప్పుకొచ్చింది.

ఆదివారం ఉదయం కొండ కింద కోడలు ఒకే కిక్కులో ఇంజను లేపింది. స్టూలెక్కి, మామగారి భుజం పట్టుకుని, కోడలి చేత కాలెత్తించుకుని అత్తగారు సీటు మీద కూర్చున్నారు. కూర్చున్నాక ఆవిడ వేరే మనిషైపోయారు. నడుము నిటారుగా నిలబడింది, చేతులు వాటంతటవే హేండిలు మీదికి వెళ్లాయి. కోడలు వెనక ఎక్కబోతుంటే మామగారు అడ్డొచ్చారు.

"నేనెక్కుతాను."

"మీరా?" అన్నారు అత్తగారు. "భయం?"

"ఉంది. దాన్ని కూడా ఎక్కించుకో."

ఆయన కళ్లు మూసుకుని ఆవిడ నడుము చుట్టూ చేతులేసి బిగించారు. బండి డగ్ డగ్ డగ్‌మంటూ కొండెక్కింది. కోడలు కిందే నిలబడి చెవులు రిక్కించి విన్నది. మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపు. శబ్దం సన్నబడి, కొండ అవతలికి పోయి, మళ్లీ పెద్దదై కిందికొచ్చింది. వచ్చారు కదా అని ఎదురెళితే అత్తగారు ఆగనే లేదు, చెయ్యూపి, బండి తిప్పి మళ్లీ పైకెళ్లిపోయారు. వెనక మామగారి కళ్లు ఇప్పుడు తెరిచే ఉన్నాయి. రెండో చుట్టు, మూడో చుట్టు. నాలుగోసారి పైకెళ్లాక, కొండ కొస దగ్గర, శబ్దం ఠక్కున ఆగిపోయింది.

కోడలు ఒక్క నిమిషం ఆగింది. శబ్దం రాలేదు. చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తింది. మలుపు మలుపుకూ తను బిగించిన ప్రతి బోల్టూ కళ్ల ముందు తిరిగింది. ఆఖరి సెట్టు. ఆవిడకు ఆఖరి ఆదివారం. ఎక్కడ పొరపాటు చేశాను దేవుడా అనుకుంటూ, ఊపిరాడక, పైకి చేరింది.

బండి పక్క స్టాండు మీద ఒరిగి ఉంది. దాని మీద అత్తగారు, వెనక మామగారు, ఇద్దరూ దిగకుండా అలాగే కూర్చుని ఉన్నారు. మామగారి జుట్టు గాలికి పైకి లేచిపోయి ఉంది.

"టక్ టక్ వచ్చిందా? ఏ పక్కనుంచి? ముందు చిన్నగా వచ్చిందా?" కోడలు నేల మీద మోకరిల్లి ఇంజనుకు చెవి పెట్టింది.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు.

"ఉండండి అత్తయ్యా, కదలకండి!" కిక్కు చేత్తో నొక్కింది. మెత్తగా, బిగువుగా దిగింది. ఎక్కడా పట్టేయలేదు.

"అమ్మాయ్, పెట్రోలు అయిపోయింది."

కోడలు ట్యాంకు మూత తీసి లోపలికి చూసింది. అడుగు పొడిగా మెరుస్తోంది. నెల రోజులుగా ఇంజనుకు రాగల రోగాలన్నీ తల్చుకుంది కానీ ఇది ఒక్కటీ తట్టలేదు. రోడ్డు మీదే చతికిలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"నాలుగు చుట్లు!" అన్నారు మామగారు, పరీక్ష పాసైన పిల్లాడిలా. "ఇంకోటి వేద్దామని నేనే అన్నాను! మూడుసార్లూ నేనే అన్నాను!"

"మరిప్పుడు కిందికెలా?" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"కిందికి ఇంజనెందుకే?" అన్నారు అత్తగారు. "ఎక్కు."

మామగారు ముందుకు జరిగారు. కోడలు బండి స్టాండు తీసి, నాలుగడుగులు తోసి, గెంతి వెనక కూర్చుంది. ముగ్గురి బరువుతో బండి చప్పుడు లేకుండా కిందికి జారింది. గాలి చెవుల్లో హోరెత్తింది. మామగారు "బ్రేకు, బ్రేకు" అని ఒకసారి, "వద్దులే, వద్దులే" అని ఒకసారి అరిచారు. అత్తగారు తల వెనక్కి తిప్పి, గాలిలోంచి వాళ్లిద్దరికీ వినబడేట్టు గొంతెత్తారు.

"ఇంక మంగళవారం ఆ డాక్టర్ని ఎలా కావాలంటే అలా కోసుకోమను!"